ఆరు తీగల తక్కెడ

రాష్ట్రంలోని శ్రుతులన్నీ ఒకటి కావాలని ప్రభుత్వం నిర్ణయించిన మూడో నెలలో హేమనళిని ఉంగరపు వేలు విరిగింది. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఆ సంబంధాన్ని తర్వాత ఆఫీసులవాళ్ళు కలిపారు.

వేలు విరగడంలో పెద్ద కథేమీ లేదు. ప్రభుత్వ సంగీత కళాశాలలో గిటారు పాఠాలు చెప్పే హేమనళిని ఒక ఆదివారం రైతుబజారు నుంచి స్కూటీ మీద వస్తూ, అడ్డం వచ్చిన గేదెను తప్పించబోయి బెండకాయల సంచీతో సహా కాలవ గట్టు మీద పడింది. గేదెకేమీ కాలేదు. బెండకాయలకూ ఏమీ కాలేదు. ఎడమచేతి ఉంగరపు వేలు మాత్రం మధ్య కణుపు దగ్గర విరిగి, అతుక్కున్నాక కట్టెపుల్లలా బిగుసుకుపోయింది.

మామూలు మనిషికి ఆ వేలితో అట్టే పనుండదు. ఉంగరం తొడుక్కోవడం తప్ప దానికి వేరే ఉద్యోగం లేదు. కానీ హేమనళిని ఎలక్ట్రిక్ గిటారు మీద కర్ణాటక సంగీతం వాయించే మనిషి. మెట్టు మీద తీగను నొక్కిపెట్టి పక్కకు లాగి ఊపితేనే గమకం పలుకుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ లాగుడంతా ఆ ఒక్క వేలే లాగింది. ఇప్పుడది లాగనని మొరాయించింది. తోడి రాగంలో గాంధారం ఊగాలి. ఊగకుండా నిలబడితే అది తోడి కాదు, క్లాసులో హాజరు పిలిచినట్టుంటుంది. ఎనిమిది నెలలుగా హేమనళిని గిటారు హాజరు పిలుస్తోంది.

ఈలోగా ప్రిన్సిపాల్ గారి నుంచి ఒక మెమో వచ్చింది. వచ్చే నెల పదో తారీఖున జరిగే వార్షిక కచేరీలో ఇరవై నిమిషాలు వాయించలేని పక్షంలో గిటారు విభాగాన్ని మూసివేసి, సదరు అధ్యాపకురాలిని స్టోర్సుకు బదలాయిస్తామని దాని సారాంశం. స్టోర్సంటే పగిలిన మృదంగాలూ, తీగలు తెగిన తంబురాలూ పడి ఉండే గది. ఆ గది తలుపు ముందు నుంచి నడవాల్సి వచ్చినప్పుడల్లా ఆమె అవతలి వరండా చుట్టి వెళ్ళేది.

చివరికి ఆమె గిటారు పట్టుకుని బర్నబాసు దగ్గరికి వెళ్ళింది. బర్నబాసు దుకాణం చర్చి వెనకాల, సైకిలు షాపుకీ జిరాక్సు సెంటరుకీ మధ్య ఉంటుంది. చుట్టుపక్కల పాతిక ప్రార్థనా మందిరాల గిటార్లకు అతనే వైద్యుడు. వేలు చూశాడు, గిటారు చూశాడు, గడ్డం గోక్కున్నాడు.

"వేలు ఊగనంటే దాన్ని బతిమాలేదేంటండీ మేడంగారూ. గిటారు తోకే ఊపేద్దారి."

"తోకేమిటయ్యా?"

"తీగలన్నీ కింద తగిలించుంటాయి సూడండి, ఈ ఇనప పట్టీకి. దీన్ని టెయిల్‌పీస్ అంటారండి. ఇది కదల్దు. దీన్ని పీకేసి కదిలేది ఏద్దారి. కింద స్ప్రింగు, పక్కన కడ్డీ. మీరు కుడిచేత్తో మీటతా మీటతానే అరచేత్తో కడ్డీని కాస్త నొక్కారనుకోండి, తీగలు వదులై స్వరం కిందికి దిగుద్ది. వదిలేత్తే ఎక్కేత్తది. ఎడమచెయ్యి నొక్కితే సాలు, ఊపక్కర్లా. వైబ్రేటో టెయిల్‌పీస్ అంటారండి దాన్ని."

హేమనళిని ప్రాణం లేచొచ్చింది. గిటారు ప్రభుత్వానిది కాబట్టి ప్రిన్సిపాల్ గారికి దరఖాస్తు పెట్టింది. ఆయన దాన్ని మరమ్మతుగా భావించి సంతకం చేసేశారు. తర్వాత చాలారోజులు ఆ సంతకం తనది కాదని చెప్పుకోవడానికి ప్రయత్నించారు.

సరుకు వచ్చిన రోజు బర్నబాసు గిటారును దుప్పటి మీద పడుకోబెట్టి, పైనుంచి కిందిదాకా దారం కట్టి, సరిగ్గా మధ్యగీత ఎక్కడుందో చూసుకున్నాడు. ఆ గీత తప్పితే తీగలు పక్కకు జారతాయట. స్క్రూలకు సబ్బు రాసి బిగించాడు. ఒక్కో తీగ చివరి గుండును కొక్కేనికి తగిలించాడు. స్ప్రింగు పెట్టి, పైన కడ్డీ బిగించి, శ్రుతి చేసి ఇచ్చాడు. హేమనళిని గాంధారం మీటి, కడ్డీని అరచేత్తో మెల్లిగా ఊపింది.

గాంధారం ఊగింది. ఎనిమిది నెలల తర్వాత ఊగింది. ఆమె గిటారు మీదికి వంగి చాలాసేపు తల ఎత్తలేదు. బర్నబాసు మర్యాదస్తుడు, అవతలికి తిరిగి సైకిలు షాపువాడితో పంపు అరువడిగే మాటల్లో పడ్డాడు.

కథ ఇక్కడితో సుఖంగా ముగిసేదే. కానీ శ్రుతి సంగతి ఒకటుంది కదా.

ఏడాది కిందట ఏదో సభలో ప్రార్థన పాడుతుంటే, వేణువుకీ హార్మోనియానికీ శ్రుతి కలవక ఒక పెద్దాయన మొహం చిట్లించి, "ఏమయ్యా, ఇక్కడ ఎవరి శ్రుతి వాళ్ళదేనా?" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు. పెద్దవాళ్ళు నవ్వుతూ అన్న మాట ఆఫీసులో నవ్వుగా మిగలదు. నలభై రోజుల్లో శ్రుతి ప్రమాణాల సంచాలనాలయం వెలసింది. ప్రభుత్వ సంస్థల్లోని ప్రతి వాద్యానికీ, ప్రతి తీగకూ ఇంత స్వరమని నిర్ధారించి ముద్ర వేయాలని ఉత్తర్వు. ముద్రలు వెయ్యడం తెలిసినవాళ్ళు తూనికలూ కొలతలూ చూసేవాళ్ళే కనుక అక్కడి నుంచి ఇన్‌స్పెక్టర్లను తెచ్చారు. అలా వచ్చినవాడే గవర్రాజు.

గవర్రాజు ఇరవై తొమ్మిదేళ్ళు కిరాణా కొట్లలో తక్కెడలు పట్టుకున్నాడు. పళ్ళెం అడుగున చింతపండు ముద్ద అంటించినవాళ్ళను, ముల్లు కదలకుండా జిగురు పెట్టినవాళ్ళను, రాయిని తొలిచినవాళ్ళను మొహం చూసి చెప్పేవాడు. లంచం తిననివాడు, నిద్రలో కూడా నిబంధనలు గొణిగేవాడు. సంగీతం మాత్రం ఏనాడూ చెవిన పెట్టలేదు.

తనిఖీకి వచ్చి, టేబిలు మీద శ్రుతి మీటరు పెట్టి, హేమనళిని గిటారు తీగలు ఒక్కొక్కటే మీటించాడు. ఆరూ సరిపోయాయి. టిక్కులు పెడుతూ పెడుతూ ఆగాడు.

"ఈ వంకర కడ్డీ ఏటండి? పోయినసారి లేదు."

"గమకం కోసమండీ."

"ఒకసారి నొక్కండి."

నొక్కింది. మీటరు ముల్లు కిందికి జారింది. గవర్రాజు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"నిర్ధారించిన దానికన్నా తక్కువ పలుకుతుందండి. అంటే వినేవాడికి తక్కువ తూగుతున్నట్టే లెక్క."

"వదిలేస్తే మళ్ళీ వచ్చేస్తుందండీ."

"నా సర్వీసులో ప్రతి కొట్టువోడూ ఇదే మాటన్నాడండి మేడంగారూ. వదిలేత్తే మళ్ళీ వచ్చేత్తదని."

"మరి వేలితో లాగి ఊపినా స్వరం మారుతుంది కదా. అప్పుడేమీ అనలేదే?"

గవర్రాజు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. సంచీలోంచి నిబంధనల పుస్తకం తీసి వెతికాడు. "వేలు ప్రభుత్వ పరికరం కాదండి. ఉద్యోగిది. ఉద్యోగి వేలు ఊపితే అది ప్రవర్తన కిందికొత్తది. దానికి వేరే నియమావళి ఉంది. కడ్డీ అలా కాదు, పరికరంలో భాగం. పరికరం నిలకడగా ఉండాలి." పుస్తకం మూసి, చాలా గౌరవంగా, కడ్డీని గిటారుకు సన్నటి ఇనప తీగతో కట్టి సీసపు ముద్ర కొట్టేశాడు.

కచేరీకి ఇంకా ఇరవై ఎనిమిది రోజులుంది.

హేమనళిని సెలవు పెట్టి రాజధానిలోని సంచాలనాలయానికి వెళ్ళింది. సంయుక్త సంచాలకులు భుజంగవర్మ గారు ఆమె చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు. గోడ మీద పెద్ద అక్షరాలతో 'నిలకడయే నాదము' అని రాసి ఉంది.

"అమ్మా," అన్నారాయన కళ్ళు తెరవకుండానే, "స్వరమనునది ప్రజల ఉమ్మడి ఆస్తి. దానిని ఒక స్ప్రింగునకు అప్పగించుట ప్రభుత్వ విధానము కాజాలదు. అయితే మీ బాధ మా దృష్టికి వచ్చినది. సానుభూతితో పరిశీలించి ఒక మార్గము కనుగొంటిమి."

మార్గమేమిటంటే, వేలితో ఊపడం నేరం కాదు గనుక, ఆ కడ్డీనే ఆమె వేలిగా గుర్తించడం. విరిగిన వేలి స్థానంలో ప్రభుత్వ వైద్య మండలి దాన్ని కృత్రిమ అవయవంగా ధ్రువీకరిస్తే ఇక అది పరికరం కిందికి రాదు. హేమనళిని చేతులు జోడించింది. ఇంత తెలివైన మాట ఆఫీసులో వింటానని ఆమె అనుకోలేదు.

వైద్య మండలిలో ముగ్గురు డాక్టర్లు ఆమె వేలిని, ఎక్స్‌రేని, తర్వాత గిటారును పరీక్షించారు. ఒకాయన కడ్డీ మీద సుత్తితో తట్టి ప్రతిచర్య చూశాడు. కట్టేసి ఉన్నా, కింద స్ప్రింగు ఉండడం వల్ల ప్రతిచర్య చాలా బాగుంది. 'కృత్రిమ అవయవము, లోహము, వంకర, ఒకటి' అని ధ్రువపత్రం ఇచ్చారు.

దాన్ని పట్టుకుని ఆమె మళ్ళీ భుజంగవర్మ గారి ముందు నిలబడింది. ఆయన పత్రాన్ని రెండుసార్లు చదివి, పెన్ను కింద పెట్టారు.

"చిక్కు వచ్చిపడినదమ్మా. ఇది మీ అవయవమని తేలినది. ఉద్యోగి అవయవమును ప్రభుత్వ ఆస్తికి స్క్రూలతో బిగించుట నిషిద్ధము. అట్లు బిగించినచో కార్యాలయ వేళలు ముగిసిన పిదప సదరు ఉద్యోగి ఇంటికి వెళ్ళుట ఎట్లు?"

"నేను వెళ్తానండీ. కడ్డీ ఇక్కడే ఉంటుంది."

"అవయవమును కార్యాలయమున విడిచి వెళ్ళుటయా? రేపు మరొక ఉద్యోగి ఒక చేయి సీటులో ఉంచి హాజరు వేయించుకొనిన ఎవరు బాధ్యులు?"

ఆ ప్రశ్నను అక్కడే వదిలి, ఆయన పెద్ద మనసుతో మధ్యేమార్గం ఒకటి కనిపెట్టి ఉత్తర్వు రాయించారు. అది వారం తర్వాత కళాశాలకు చేరింది. 'సదరు కడ్డీని గిటారునకు అమర్చుటకు అభ్యంతరము లేదు. కదిలించుటకు అనుమతి లేదు. కదలకుండా ఉన్నదని తనిఖీ అధికారి స్వయముగా ధ్రువీకరించవలెను.'

ప్రిన్సిపాల్ గారు ఎంతో సంతోషించి మిఠాయి పంచబోయారు. అనుమతి వచ్చింది కదా అని ఆయన ఉద్దేశం. హేమనళిని మిఠాయి తీసుకోలేదు. స్టోర్సు తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో మాత్రం అటెండర్‌ని అడిగి తెలుసుకుంది. రేపో మాపో తనకే ఇస్తారు కదా అనుకుని, ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి బోర్లా పడుకుని ఏడ్చింది.

కచేరీకి నాలుగు రోజులుందనగా గవర్రాజు వచ్చాడు. సీసపు ముద్ర చెక్కుచెదరలేదు. కడ్డీ కదలలేదు. 'కదలలేదు' అని రాసి, మామూలు ప్రకారం తీగలు మీటించాడు. ఆరు తీగల్లో నాలుగు తప్పాయి.

"ఇదేటండి? కదలకుండా కట్టేం కదా. నిలకడగా ఉండాలి గదా?"

"బర్నబాసుని పిలిపిస్తానండీ," అంది హేమనళిని నీరసంగా.

బర్నబాసు చేతి సంచీతో వచ్చి, గిటారును చూసి నొచ్చుకున్నాడు. "ఊగే దాన్ని కట్టేత్తే ఏటవుద్దండి. ఏసిన కొత్తలో తీగలు సాగుతాయి. సాగిన తీగ గాడిలో ఇరుక్కుంటాది. నాలుగుసార్లు ఊపితే సర్దుకునేది. సీలు తియ్యండి, సరిచేత్తాను."

సీలు తీసే అధికారం గవర్రాజుది గనుక ఆయనే పటకారుతో ముద్ర తీగ కత్తిరించాడు. బర్నబాసు గిటారు తల దగ్గర తీగలు కూర్చునే గాడుల్లోంచి ఒక్కో తీగనూ ఎత్తి, చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి ఆ గాడుల్లో రుద్దడం మొదలెట్టాడు.

"రాసుకోడానికేటయ్యా?" అన్నాడు గవర్రాజు.

"రాసుకోడానికి కాదండి. గాడిలో పెన్సిల్ పొడి పడితే తీగ జారతాది. లేపోతే నొక్కినప్పుడు కిందికెళ్ళి, వదిలినాక పూర్తిగా తిరిగి రాదండి. వచ్చినట్టే ఉంటాది. రాదు. అంటుకుపోద్ది."

గవర్రాజు పుస్తకంలోంచి తలెత్తాడు.

"ఏటన్నావ్?"

"అంటుకుపోద్దండి. ఊగి మళ్ళీ సరిగ్గా ఆ సోటికే రావాలి. అప్పుడే బిగింపు సరిగ్గా ఉన్నట్టు." బర్నబాసు తీగలు కూర్చోబెట్టి, శ్రుతి చేసి, కడ్డీ నొక్కి వదిలాడు. మీటరు ముల్లు కిందికి పోయి, పైకొచ్చి, గీత మీద ఆగింది.

గవర్రాజు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. తనే కడ్డీ నొక్కాడు, వదిలాడు. ముల్లు గీత మీద ఆగింది. గట్టిగా నొక్కాడు. గీత మీదే ఆగింది. మెల్లిగా, వేగంగా, వేలి కొసతో, అరచేత్తో, ఓ ముప్పైసార్లు నొక్కి చూశాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. ఎదురుగా ఇద్దరున్నారన్న ధ్యాస లేదు.

"కల్తీ లేదు," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఇరవై తొమ్మిదేళ్ళలో ఇంత నిఖార్సైన ముల్లు నేను సూళ్ళేదండి."

తర్వాత ఉన్నట్టుండి కడ్డీ మీంచి చెయ్యి తీసేశాడు. సంచీ అడుగునుంచి మరో పుస్తకం తీశాడు. అట్ట ఊడిపోయిన పాతది, తక్కెడల కాలం నాటిది. వేలు పెట్టి పైకి చదివాడు. "'ముల్లు స్వేచ్ఛగా ఊగవలెను. ఊగి స్వస్థానమునకు రావలెను. ఊగకుండా ముల్లును బిగించుట నేరము.'" పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఊగని ముల్లు ఎక్కడ కనపడినా జప్తు చేసినోణ్ణండి నేను. అలాంటి నేనే ఈ కడ్డీని నా సేత్తో కట్టేసేను. నా మీద నేనే కేసు రాసుకోవాలి."

"అంతమాట ఎందుకులెండి," అంది హేమనళిని జాలిగా.

"లేదండి, రూలు రూలే." కాసేపు ఆలోచించి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "మేడంగారూ, ఇది వాద్యమైతే కడ్డీని బిగించాలి. తక్కెడైతే బిగించడం నేరం. ఏదో ఒకటి రాయాలి. మీరు ఏదంటారు?"

హేమనళిని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తక్కెడేనండీ."

"పళ్ళేలు లేవు మరి."

"అయ్యన్నీ కనపడవండి," అన్నాడు బర్నబాసు, పెన్సిల్ చెవి వెనక దోపుకుంటూ. "ఇనేవోళ్ళ దగ్గరుంటాయి."

గవర్రాజు దాన్ని యథాతథంగా రాసుకున్నాడు. 'పళ్ళెములు: శ్రోతల వద్ద.' ఆ మధ్యాహ్నమే గిటారు వాద్యాల పట్టీలోంచి తొలగి తక్కెడల పట్టీలోకి ఎక్కింది. కొత్త తక్కెడను వాడుకలో ఉండగా ఒకసారి పరీక్షించాలి గనుక, పదో తారీఖున తానే స్వయంగా వస్తానని చెప్పి వెళ్ళాడు.

కచేరీ రోజున హాలు నిండింది. ముందు వరుసలో భుజంగవర్మ గారు కూర్చున్నారు. రికార్డు ప్రకారమే చదవాలని ఉత్తర్వు ఉండడంతో, మైకు పట్టుకున్న అధ్యాపకుడు గొంతు సవరించుకుని, "ఇప్పుడు శ్రీమతి హేమనళిని గారు తక్కెడ వాయిస్తారు," అన్నాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు. సంచాలనాలయం వచ్చాక అందరికీ అలవాటైపోయింది. భుజంగవర్మ గారు పక్కాయన వైపు వంగి, "తక్కెడలు మన పరిధిలోనివి కావు," అని గుసగుసలాడి, బాధ్యత దిగిపోయినట్టు హాయిగా వెనక్కి వాలారు.

వేదిక పక్కన స్టూలు మీద గవర్రాజు మీటరూ, ఫారమూ పెట్టుకుని కూర్చున్నాడు.

హేమనళిని తోడి ఎత్తుకుంది. ఎడమచేతి వేలు తీగ మీద బిగుసుకునే ఉంది. కుడి అరచేయి కడ్డీ మీద మెల్లిగా వాలింది. గాంధారం ఊగింది. దిగి, ఎక్కి, ఊగి, వచ్చి తన చోట నిలిచింది. ఆమెకు పాత సంగతులన్నీ గుర్తొచ్చాయి, గేదె కూడా గుర్తొచ్చింది, గేదె మీద ఆమెకు కోపం పోయింది. మధ్యలో ఒకసారి పక్కకు చూస్తే, గవర్రాజు మీటరును చూడటంలేదు. ఎప్పుడో దాన్ని ఆపి జేబులో వేసుకున్నాడు. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇరవై నిమిషాల కచేరీ నలభై నిమిషాలు సాగింది. ఆపమని ఎవరూ అనలేదు.

మర్నాడు వీణ అధ్యాపకురాలూ, వయొలిన్ మాస్టారూ తక్కెడల ఫారాల కోసం వరుస కట్టారు. నెల తిరిగేసరికి గాత్రం వాళ్ళు కూడా తమ గొంతులను చిన్న తరహా తక్కెడలుగా నమోదు చేసుకున్నారు. శ్రుతి ప్రమాణాల సంచాలనాలయం దగ్గర ముద్ర వేయడానికి ఒక్క వాద్యం కూడా మిగల్లేదు. అయినా సంచాలనాలయం అలాగే ఉంది, గోడ మీది అక్షరాలకు కొత్త రంగు కూడా వేశారు. గిటారు విభాగాన్ని మూసే విషయం మాత్రం ఎవరూ ఎత్తలేదు. స్టోర్సు తాళంచెవి అటెండర్ దగ్గరే ఉండిపోయింది.

పరీక్ష ఫారం నకలు హేమనళినికి పోస్టులో అందింది. అక్షరాలు గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉన్నాయి. ఆమె దాన్ని వరండాలో నిలబడే చదివింది.

'ఉంచిన బరువు: తోడి.

ముల్లు: ఊగినది. తిరిగి స్వస్థానమునకు వచ్చినది.

లోపములు: కనబడలేదు.

రిమార్కులు: ఒక పర్యాయము చాలలేదు. మరల పరీక్షించవలసియున్నది.'